వాట్లు చూసి కొన్న వెలుగు

మా ఇంటి వెనుక కారు కోసం వేసిన రేకుల షెడ్డులో కారు ఉండదు. ఒక చిన్న కొయ్య లేత్, ఒక డ్రిల్లు, ఒక గ్రైండరు, పొట్టును లాగే ఫ్యాను ఉంటాయి. ఏటికొప్పాక లక్కబొమ్మల మీది మోజు నన్ను ఆ షెడ్డులోకి చేర్చింది. లేత్‌ను మన పెద్దలు తరిమెన అన్నారు. ఆ మాట నాకెంతో ఇష్టం కాని, దుకాణంలో ఆ పేరుతో అడిగితే మాత్రం మేకు కూడా దొరకదు.

కొన్నేళ్ళ క్రితం ఆ షెడ్డులోని పాత ట్యూబులైట్లు తీసివేసి ఎల్‌ఈడీ ట్యూబులు పెట్టించాను. కొనేటప్పుడు అందరిలాగే రెండే ప్రశ్నలు అడిగాను: ఎన్ని వాట్లు, ఎంత ధర? ఇరవై వాట్లవి, చవకవి, నాలుగు తెచ్చాను. షెడ్డు పట్టపగలులా వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి మురిసిపోయిన మాట నిజం.

ఒక సాయంత్రం పని ముగించి లేత్ ఆపుదామని స్విచ్చి నొక్కాను. చప్పుడు తగ్గింది. కొయ్యముక్కను పట్టుకొని ఉండే నాలుగు దవడల చక్ నెమ్మదిగా, వెనక్కి తిరుగుతున్నట్టుగా, ఇక ఆగబోతున్నట్టుగా కనిపించింది. చెయ్యి చాపాను. నా చేతికన్నా ముందు భుజం మీది తువ్వాలు జారి దాని అంచు తగిలింది. రెప్పపాటులో తువ్వాలు చుట్టుకుపోయి చేతిలోంచి లాక్కున్నట్టయింది. నేను ఆపినది పొట్టు ఫ్యానును. లేత్ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంది.

తప్పు స్విచ్చి నొక్కింది నేనే, కాదనను. లేత్ దగ్గర భుజాన తువ్వాలు వేసుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. కాని కన్ను చెప్పిన అబద్ధం మాత్రం దీపానిది.

లెక్క చాలా సులువు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. కనుక నాసిరకం దీపం సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. నాలుగు ధ్రువాల మోటారు, బరువు లేనప్పుడు, నిమిషానికి 1500 చుట్లకు కాస్త తక్కువగా, అంటే సెకనుకు దాదాపు 25 చుట్లు తిరుగుతుంది. దీపం వెలిగిన ప్రతిసారీ చక్ సరిగ్గా పావుచుట్టు దగ్గరికి వచ్చి ఉంటుంది. నాలుగు దవడలూ ఒకేలా ఉంటాయి గనుక ఒక దవడ ఉన్నచోట మరొకటి వచ్చి నిలుస్తుంది. కంటికి అది ఆగిన చక్రం. వేగం 1500కు ఏ కొంచెం తక్కువైనా వెనక్కి పాకుతున్న చక్రం. సినిమాలో బండిచక్రాలు వెనక్కి తిరగడం చూసి చిన్నప్పుడు నవ్వుకున్నాం కదా, అదే ఇది.

పాత ట్యూబులైటు ఈ దోషం లేనిది కాదు. చోక్ వేసిన ట్యూబు కూడా సెకనుకు 100 సార్లు రెపరెపలాడేది. అయితే దాని లోపలి పూత కరెంటు తగ్గిన క్షణంలో కూడా కొంత వెలుగునిచ్చేది. కర్మాగారాల్లో రెండు ట్యూబులు జతచేసి ఒకదానికి కెపాసిటరు తగిలించేవారు. ఒకటి తగ్గేవేళకు రెండవది వెలిగేది. మూడు ఫేజులున్నచోట పక్కపక్క దీపాలను వేరువేరు ఫేజులకు కలిపేవారు. లేత్ మీదికి వంచుకొనే చిన్న దీపంలో మామూలు బల్బు ఉండేది, దాని తీగ అంత త్వరగా చల్లారదు గనుక. ఈ జాగ్రత్తలన్నీ మేస్త్రీలకు తెలుసు. ఎల్‌ఈడీ వచ్చాక అవి మరుగున పడ్డాయి. ఎల్‌ఈడీ కరెంటు ఎలా వస్తే అలా, ఏ మొహమాటమూ లేకుండా వెలిగి ఆరుతుంది. దాన్ని నిలకడగా ఉంచవలసినది లోపలి డ్రైవరు. చవక ట్యూబులో తగ్గించేది ఆ డ్రైవరునే.

రేకుల షెడ్డులో మరొక చిక్కుంది. కరెంటును సాపుచేసే ఎలెక్ట్రొలైటిక్ కెపాసిటరుకు వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఆ రంగంలోని వాడుక లెక్క. మొదటి ఏడు బాగున్న దీపం మూడో ఏడు రెపరెపలాడవచ్చు, కంటికి తెలియదు.

కనుక నా వాదన ఇది: పనిషెడ్డుకు దీపం కొనేటప్పుడు మొదట చూడవలసింది నిలకడ, వాట్లు ఆ తరువాతే. ఐ ట్రిపుల్ ఈ సంస్థ 2015లో ఇచ్చిన 1789 సంఖ్య సిఫారసు ప్రకారం, 100 ఆవృత్తుల దగ్గర వెలుగు హెచ్చుతగ్గులు 8 శాతం లోపుంటే ముప్పు తక్కువ. ఐరోపా సమాఖ్య 2021 నుంచి దీపాల రెపరెపకు చట్టంలోనే హద్దు పెట్టింది. నేను మన దుకాణాల్లో తిరగేసిన పెట్టెల మీద వాట్లు, ల్యూమెన్లు, ఏళ్ళ గ్యారంటీ పెద్ద అక్షరాలతో ఉన్నాయి. ఈ అంకె మాత్రం కనబడలేదు.

పెట్టె చెప్పకపోతే మనమే అడగాలి. దీపం కింద పెన్సిలు పట్టుకొని వేగంగా అటూ ఇటూ ఊపండి. చెదిరిన ఒకే మసకలా కనిపిస్తే మంచిది. విడివిడిగా పది పెన్సిళ్ళు కనిపిస్తే ఆ దీపం వద్దు. సెల్‌ఫోనులో నెమ్మది వీడియో తీసినా రెపరెప తెలిసిపోతుంది. దుకాణదారు వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

రంగు సంగతి లక్కపని చేసేవారికి ఇంకా అవసరం. తిరిగే కొయ్యకు లక్కకడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ క్షణంలోనే రంగు చాలిందో లేదో తేల్చుకోవాలి. సి.ఆర్.ఐ. 80 అని రాసి ఉంటే సరిపోతుందనుకున్నాను. ఆ సగటు ఎనిమిది లేత రంగుల మీద తీసినది. ముదురు ఎరుపు అందులో లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. నా ఎర్రలక్క 6500 కెల్విన్ల తెల్లటి వెలుగులో ఇటుకరంగుగా కనబడి, ఇంకా ఇంకా వేసి, పగలు చూస్తే ముద్దగా తేలింది. ఇప్పుడు లేత్ మీద సి.ఆర్.ఐ. 90, 4000 కెల్విన్ల దీపం ఉంది. మిగిలిన షెడ్డుకు ఆ ఖర్చు దండగ.

పాత పట్టీలోనే కొత్త ట్యూబు పెట్టడం నాకు సమ్మతం కాదు. కొన్ని ట్యూబులకు ఒక కొసనే రెండు తీగలూ, కొన్నింటికి ఆ కొస ఒకటి ఈ కొస ఒకటి కలపాలి. రెండో రకంలో ఒక కొస దూర్చి, రెండో కొస పిన్నులు పట్టుకుంటే షాకు కొట్టవచ్చు. చోక్, స్టార్టరు ఉంచాలో తీయాలో కూడా ట్యూబును బట్టి మారుతుంది. పైగా మన పాత ఇళ్ళలో స్విచ్చి న్యూట్రల్ మీద ఉండడం అరుదు కాదు. స్విచ్చి ఆపినా ఎల్‌ఈడీ మిణుగురులా వెలుగుతుంటే మొదట అనుమానించవలసింది దాన్నే. ట్యూబు కాక పట్టీతో సహా వచ్చేది కొని, మెయిన్ ఆపి, తెలిసినవారితో బిగించుకోవడం మేలు.

ఆ నాలుగు చవక ట్యూబులు పారేయలేదు. రెండు వరండాలో, రెండు కట్టెల కొట్టంలో వెలుగుతున్నాయి. అక్కడ తిరిగేదేమీ లేదు, మా పిల్లి తప్ప.