జపాను బొమ్మల నవలలు: మా అభిప్రాయము

మన కళాశాల వార్షిక సంచికకు రెండు మొదళ్ళు ఉన్నవి. ఒక వైపు నుండి తెరచినచో తెలుగు విభాగము, మరొక వైపు నుండి తెరచినచో ఉర్దూ విభాగము ప్రారంభమగును. రెండును నడుమ ఒకచోట కలిసికొనును. ఈ చిన్న విషయమును ముందుగా చెప్పుటకు కారణము కలదు. మేము ఇక్కడ చర్చింపబోవు జపాను బొమ్మల నవలలు, అనగా ‘మాంగా’లు, మన ఉర్దూ విభాగము వలెనే కుడి నుండి ఎడమకు సాగును.

రెండేండ్ల క్రిందట మాలో ఒకడు ఆబిడ్స్ ఆదివారపు కాలిబాట అంగళ్ళలో ‘డెత్ నోట్’ మొదటి సంపుటమును కొని తెచ్చినాడు. తెలుగు అలవాటు చొప్పున ఎడమ నుండి విప్పి, చివరి పుటను మొదటి పుటగా చదివి, తలా తోకా బోధపడక కూర్చున్నాడు. ప్రక్కనున్న ఉర్దూ మిత్రుడు నవ్వి, పుస్తకమును త్రిప్పి చేతికిచ్చి, “ఇది మా కితాబువలె ఉన్నది భాయ్, ఇటు నుండి చదువు” అన్నాడు. ఆనాటి నుండి ఉప్పల్, నాచారం ప్రాంతముల నుండి వచ్చు మేము ఎనమండుగురము ఈ పుస్తకములను కలిసి చదువుచున్నాము, కలిసి వాదించుకొనుచున్నాము.

గత సంవత్సరము గ్రంథాలయమునకు సమర్పించిన కోరికల జాబితాలో మేము ఇట్టి పుస్తకములు కొన్నింటిని చేర్చితిమి. అవి పిల్లల బొమ్మల పుస్తకములని, డిగ్రీ విద్యార్థులకు తగవని చెప్పి పెద్దలు ఆ పేర్లను కొట్టివేసినారు. పెద్దల పట్ల మాకు గౌరవము కలదు. అయినను, చదివినవారముగా మా అభిప్రాయమును చెప్పుకొనుట మా ధర్మమని తలచుచున్నాము. బొమ్మలున్నంత మాత్రమున పుస్తకము చిన్నది కాదు. బొమ్మలున్నంత మాత్రమున గొప్పదియు కాదు. ఏ పుస్తకమునకు ఆ పుస్తకమును చదివియే తీర్పు చెప్పవలెను.

బొమ్మలతో కథ చెప్పుట మనకు క్రొత్త విద్య కాదు. ఉప్పల్ మీదుగా వరంగల్లు పోవు త్రోవలో కొంత దూరము సాగి ప్రక్కకు మళ్ళినచో చేర్యాల వచ్చును. అక్కడి నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై కథను వరుస బొమ్మలుగా వ్రాయగా, కథకులు ఆ పటమును విప్పుచు గ్రామములలో కులపురాణములను గానము చేసెడివారు. ఇక ఉర్దూవారు అభిమానించు అమీర్ హమ్జా దాస్తానును అక్బరు చక్రవర్తి సుమారు 1,400 చిత్రములుగా వ్రాయించినాడు. చిత్రము ఒక ప్రక్క, కథ వెనుక ప్రక్క. 1947లో ఆరంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలను ‘చిత్ర’గారి బొమ్మలతో చదివి, తరువాయి భాగమునకై నెల దినములు ఎదురుచూచిన మా తాతలను ఎవరును తప్పుపట్టలేదు. జపానులో హొకుసాయి అను చిత్రకారుడు 1814లో తన బొమ్మల పుస్తకమునకు ‘మాంగా’ అని పేరు పెట్టినాడు. నేటి మాంగాలు వార, మాస పత్రికలలో ధారావాహికలుగా వెలువడి, పిమ్మట సంపుటములగుచున్నవి. మూలములో తేడా స్వల్పమే.

ఇక మేము చదివిన వాని సంగతి.

‘నరుటో’ను గూర్చి మొదట చెప్పవలెను. మా తరగతిలో దీని పేరు వినని విద్యార్థి లేడు. మసాషి కిషిమోటో 1999 నుండి 2014 వరకు వ్రాసిన ఈ కథ 72 సంపుటములు. ఊరివారందరు వెలివేసినట్లు చూచు ఒక అనాథ బాలుడు ఆ ఊరికే నాయకుడు కావలెనని కలగనుట ఇందలి ఇతివృత్తము. మొదటి సంపుటములలోని ఆ బాలుని ఒంటరితనము మా హృదయములను తాకినది. కాని చివరి యుద్ధఘట్టము సాగి సాగి విసుగు పుట్టించినది. ‘వన్ పీస్’ 1997లో మొదలై నూరు సంపుటములు దాటినది. స్నేహమును, స్వేచ్ఛను ఇంత ఉల్లాసముగా చెప్పిన కథ అరుదు. అయితే దానిని పూర్తిగా చదువ పూనుకొన్నవాడు పరీక్షలను మరచిపోవలసినదే. ఇట్టివానిని గ్రంథాలయమునకు కొనుమని మేము కోరము. ‘నరుటో’ ఒక్కదానినే సంపుటము 400 రూపాయల చొప్పున కొన్నను 28,800 రూపాయలగును.

‘డెత్ నోట్’ వేరు తీరుది. త్సుగుమి ఓబా రచన, తకేషి ఒబాటా చిత్రరచన, 12 సంపుటములు. ఎవని పేరు వ్రాసిన వాడు చచ్చునట్టి పుస్తకమొకటి మిక్కిలి తెలివిగల విద్యార్థికి దొరకును. నేరస్థులను చంపి లోకమును బాగుచేయుదునని మొదలుపెట్టినవాడు, తనను పట్టుకొనవచ్చిన నిర్దోషులను గూడ చంపును. విచారణ లేకుండ శిక్షించువాడు ఎట్లు దిగజారునో ఇంత సూటిగా చెప్పిన కథను మేము వేరొకటి చదువలేదు. ఉత్తరార్ధమున పట్టు సడలినది. స్త్రీ పాత్రలకు బుద్ధి లేనట్లు చిత్రించుట మాతో చదువు సోదరీమణులకు కోపము తెప్పించినది. ఆ కోపము న్యాయమైనదే.

కౌరు మోరి అను రచయిత్రి 2008లో ఆరంభించిన ‘ఎ బ్రైడ్స్ స్టోరీ’ మన ఉర్దూ మిత్రులకు ప్రాణము. పందొమ్మిదవ శతాబ్దపు మధ్య ఆసియా, అక్కడి ముస్లిము కుటుంబముల జీవనము దీనికి రంగము. కొయ్యచెక్కడము, కుట్టుపని, రొట్టె కాల్చుట – ఒక్కొక్కటి ఎంత ఓపికతో గీసినదో చూచియే తెలిసికొనవలెను. మాలో ఒకరి తల్లికి ఆంగ్లము రాదు. ఆమె కుట్టుపని బొమ్మలున్న పుటలను అరగంట సేపు చూచి, “ఈ కుట్టు మా నానీకి వచ్చును” అన్నది. అయితే కథలో వధువుకు ఇరువది యేండ్లు, వరునికి పన్నెండు. బాల్యవివాహమును ఇంత అందముగా చూపవచ్చునా అని మాలో వాదము జరిగినది, ఇంకను తెగలేదు. వాదము పుట్టించు పుస్తకము గ్రంథాలయములో ఉండదగినదని మా నమ్మకము.

ఒసాము తెజుకా 1972 నుండి 1983 వరకు వ్రాసిన ‘బుద్ధ’ ఆంగ్లములో 8 సంపుటములు. అమరావతి శిల్పులు రాతిపై చెక్కిన గాథను ఒక జపాను రచయిత కాగితముపై గీసినాడు. సిద్ధార్థుని కంటె ముందుగా అంటరాని బాలుడైన తత్తా, శూద్రుడైన చాప్రా మనకు కనబడుదురు. ఇవి కల్పిత పాత్రలు. దీనిని చరిత్రగా చదువరాదు. కాని కులము మనిషిని ఏమి చేయునో దూరదేశీయుడు గ్రహించిన తీరు మమ్ములను సిగ్గుపడజేసినది.

యోషిటోకి ఓయిమా రచించిన ‘ఎ సైలెంట్ వాయిస్’ 7 సంపుటములే. చెవులు వినబడని బాలికను తోటి విద్యార్థి ఏడిపించుట, పెద్దయిన పిమ్మట ఆ పాపమును కడుగుకొన జూచుట ఇందలి కథ. దీనిని గూర్చి ఒక మాట ఒప్పుకొనవలసి ఉన్నది. ఇంటరు చదువునాడు మా తరగతిలో ఒక మిత్రునికి సరిగా వినబడదు. మేము వెనుక నుండి పిలిచి, అతడు తిరుగకున్నచో నవ్వుకొనెడివారము. ఈ పుస్తకము చదివిన తరువాత మాలో ఇద్దరు నాచారములోని అతని ఇంటికి పోయినారు. అతడు వారిని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చినాడు. “ఆనాడు మీరు నవ్వుట నాకు తెలుసు” అన్నాడు. అంతకు మించి ఎవరును మాటలాడలేదు. నీతిపాఠము చేయలేని పనిని ఈ బొమ్మల పుస్తకము చేసినది.

చివరిది ‘బేర్‌ఫుట్ గెన్’. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడిననాడు రచయిత కేజీ నకజావాకు ఆరేండ్లు. తండ్రిని, అక్కను, తమ్ముని ఆనాడే కోల్పోయినాడు. 1973లో ఆ అనుభవమును ధారావాహికగా వ్రాయ నారంభించినాడు. మొత్తము 10 సంపుటములు. ఇందులో యుద్ధమును వ్యతిరేకించిన తండ్రిని ఊరు దేశద్రోహియనును. ఆ కుటుంబమునకు తోడు నిలిచినవాడు పొరుగింటి కొరియావాడు, తానును ఊరివారి చులకనకు గురియైనవాడు. తక్కువ సంఖ్యలో ఉన్నవారి బాధ మన కళాశాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పుస్తకము దారుణ దృశ్యములు కలదని 2012 డిసెంబరులో జపానులోని మత్సుయే నగర విద్యామండలి దానిని పాఠశాలల గ్రంథాలయములలో పిల్లలకు అందకుండ లోపల పెట్టుమన్నది. ప్రజలు ఆక్షేపించగా 2013 ఆగస్టులో ఆ ఆజ్ఞను ఉపసంహరించుకొన్నది. పెద్దలు తమ నిర్ణయమును మార్చుకొనుట అవమానము కాదని ఈ ఉదంతము చెప్పుచున్నది.

పెద్దల ఆక్షేపణలలో నిజము లేదనము. మాంగాలలో హింస, అసభ్యత గల పుస్తకములు చాలా ఉన్నవి. వానిని ఏరి వేయవలసినదే. కాని గ్రంథాలయము తలుపు మూసినందువలన చదువుట ఆగలేదు. నాగోలు నుండి తార్నాక దాక మెట్రోలో చూడుడు; ప్రతి పెట్టెలో ఒకరిద్దరు ఫోనులో మాంగా చదువుచునే ఉందురు. అందులో అధికభాగము అనుమతి లేకుండ ఎక్కించిన దొంగ ప్రతులు. మేమును అట్లు చదివినవారమే. అది రచయిత కష్టమును దొంగిలించుట అని తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాము. ఏరి ఇచ్చువారు లేనపుడు విద్యార్థి మంచిచెడులు కలిపియే చదువును.

మా కోరిక స్వల్పము. ‘గెన్’ 10, ‘బుద్ధ’ 8, ‘సైలెంట్ వాయిస్’ 7, ‘బ్రైడ్స్ స్టోరీ’ మొదటి 5 – మొత్తము 30 సంపుటములు. సగటున 500 రూపాయలనుకొన్నచో 15,000 రూపాయలు. ఒకేసారి కుదరనిచో ముందుగా ‘సైలెంట్ వాయిస్’ ఒక్కటి కొనుడు. మన పొరుగుననే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో జపాను భాషను బోధించుచున్నారు. అక్కడి అధ్యాపకులను పిలిచి ఒక ఉపన్యాసము ఏర్పాటు చేయుడు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ చలనచిత్రము తెలుగు మాటలతో కూడ మన దేశములో విడుదలైనది. తెర తెలుగు మాటలాడినది గాని, మా చేతికందిన పుస్తకములన్నియు ఆంగ్లములోనివే.

ఈ పుస్తకములు వచ్చిన పక్షమున, ఒక్కొక్కదానిపై తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి సమీక్ష వ్రాసి వచ్చే సంచికకు ఇత్తుమని మాట ఇచ్చుచున్నాము. తెలుగు సమీక్ష ఆ వైపు నుండి, ఉర్దూ సమీక్ష ఈ వైపు నుండి నడచివచ్చి సంచిక నడుమ కలిసికొనునని ఆశించుచున్నాము.