అల్లిక మనది, నమూనా ఎవరిది?

వసిష్ఠ గోదావరికి పడమటిగట్టున నరసాపురము. తూర్పుగట్టున మన రాజోలు సీమ. నడుమ నది పారుచున్నను ఉభయతీరముల స్త్రీల చేతిలోని సూది యొక్కటియే. 19వ శతాబ్దమున క్రైస్తవ మతప్రచారకులు నేర్పిన లేసు అల్లిక నేడు ఈ సీమకు స్వంతవిద్య యైనది. పల్లె అరుగులపై అల్లిన పువ్వులు సముద్రములు దాటి ఐరోపా, అమెరికాల భోజనపు బల్లలపై పరుపబడుచున్నవి. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషింపదగినదే. కాని ఒక్క ప్రశ్న అడుగక తప్పదు: అల్లిక మనది, నమూనా ఎవరిది?

ప్రత్యుత్తరము మనకు గౌరవప్రదముగ లేదు. చిరకాలముగ ఈ వర్తకమున నమూనాను నిర్ణయించువాడు విదేశపు కొనుగోలుదారు, లేక అతని కోర్కె ననుసరించు ఎగుమతి వర్తకుడు. దళారి నూలును, నమూనాను ఇంటికి తెచ్చును. అల్లినదానిని గైకొని కూలి లెక్కించి యిచ్చి పోవును. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ ప్రాంతమున పరిశోధించి 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ పని యెట్లు ముక్కలు చేయబడినదో వివరించిరి. పువ్వులల్లుట చేతిపని, వానిని కలుపుట అతుకుపని, ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంట. తానల్లిన పువ్వు తుదకు ఏ వస్త్రమున ఏ మూలకు చేరునో అల్లినామెకు తెలియదు. ఇంతటి శ్రమను లోకము గృహిణుల తీరికవేళ కాలక్షేపముగ లెక్కించినదని కూడ ఆమె ఎత్తిచూపిరి.

తాటిపాకవారికి ముడిసరకు సంగతి వేరుగ బోధింప నక్కరలేదు. ఇచ్చట 2001లో ఓ.ఎన్.జి.సి. సంస్థ చిన్న శుద్ధికర్మాగారమును నెలకొల్పినది. భూగర్భమునుండి వచ్చిన ముడిచమురును వచ్చినది వచ్చినట్లు ఎవ్వరును లారీలో పోసికొనరు. శుద్ధి యైన పిమ్మటనే దానికి వాడుక. వాడుకను బట్టి వెల. నూలునకు నమూనా అట్టి శుద్ధి. కొబ్బరిపీచునకును అంతే. పీచు మోపుగ పోయిన ఒక వెల. వన్నెలు దీర్చిన చాపగ పోయిన మరియొక వెల. కేరళమునందలి అలప్పుళలో 1859లో జేమ్స్ డారా అను విదేశీయుడు కార్ఖానా పెట్టి పీచును మగ్గ మెక్కించెను. ఆ పట్టణము పీచుచాపలకు లోకప్రసిద్ధి గాంచినది. మన కోనసీమకు కొబ్బరి తక్కువయా? కొరవడినది కాయ కాదు, కల్పన.

రూపకల్పన యనగా తయారైన వంటపై చల్లు కొత్తిమీర యని మన వర్తకులు భ్రమపడుచున్నారు. ఏ వస్తువు, ఎవరికొరకు, ఎంత నూలుతో, ఎన్ని గంటలలో, ఏ వెలకు అను నిర్ణయములన్నియు నమూనాలోనే యిమిడియున్నవి. అతుకులు తగ్గించిన నమూనా అతుకుపని ఖర్చును తగ్గించును. ఉతికినను ఆకారము చెడని నమూనా కొన్నవానిని రెండవమారు రప్పించును. ఈ శతాబ్దారంభమున చీనాదేశపు యంత్రపులేసు చౌకగ వచ్చి మన లేసును దెబ్బతీసినది. కాని కొక్కెపుసూదితో అల్లు క్రోషే అల్లికను యంత్రము చేయజాలదు. పైపోలికను మాత్రమే చూపగలదు. అట్లయినప్పుడు యంత్రము సులభముగ అనుకరింపగల నమూనాలను పట్టుకొని దానితో వెలకు పోటీపడుట వివేకమా? చేతికి మాత్రమే సాధ్యమగు నమూనాలను కల్పించి, యంత్రము చొరలేని చోట నిలుచుట వివేకమా? ఇది అలంకారముల ముచ్చట కాదు, వర్తకమున యుద్ధనీతి.

స్వదేశీ వ్రతులకు ఈ నీతి క్రొత్తది కాదు. 1929లో అఖిల భారత చరఖా సంఘము మెరుగైన రాట్నమునకు లక్షరూపాయల బహుమానమును ప్రకటించినది. షరతు లెట్టివి? రాట్నము తేలికయై యుండవలెను; స్త్రీ యెనిమిది గంటలు ఎక్కువ అలసట లేక పనిచేయగలుగవలెను; తయారీ ఖర్చు 150 రూపాయలు మించరాదు; 20 ఏండ్లు చెడక నిలువవలెను. షరతులన్నింటిని తీర్చు రాట్నము రాలేదు. బహుమానము ఎవ్వరికిని దక్కలేదు. కాని ఆ పట్టికను చూడుడు. త్రిప్పెడు చేయి, కాపురముండు గుడిసె, పెట్టగల పైకము, వీనితో మొదలిడి పనిముట్టును కోరినారు. రూపకల్పన యనగా ఇదియే.

జాతుల చరిత్రయు ఇదే చెప్పుచున్నది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున జర్మను సరకు చౌకయు నాసియు నని ఫ్రాంజ్ రూలో అను జర్మను పండితుడే తన దేశీయులకు మొగమాటము లేక వ్రాసిపంపెను. 1887లో ఇంగ్లండు సరకుల ముద్రల చట్టమును చేసి, విదేశపు సరకుపై దాని జన్మదేశము పేరు వేయించు ఏర్పాటు చేసినది. జర్మను సరకునకు చిన్నతనము తెచ్చుటయే దాని లోపలి యుద్దేశము. జర్మనులు ఏడ్చుచు కూర్చుండలేదు. 1907లో మ్యూనిక్ నగరమున కళావేత్తలు, పరిశ్రమాధిపతులు కలసి వెర్క్‌బుండ్ అను సంఘమును స్థాపించిరి. ఆ యేటనే ఏ.ఇ.జి. యను విద్యుత్ సంస్థ పీటర్ బెహ్రెన్స్ అను చిత్రకారుని పిలిచి, దీపము మొదలు కర్మాగార భవనము వరకు అతనిచేత రూపము దిద్దించినది. నిందకై వేసిన ముద్ర కాలక్రమమున కీర్తిముద్ర యైనది.

మనకును సాధనములు లేకపోలేదు. 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. 2007లో జాతీయ డిజైను విధానము వచ్చినది. 2015లో ఆంధ్రప్రదేశమునకు స్వంత డిజైను విద్యాలయము లభించినది. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద క్రొత్త నమూనాను నమోదు చేయించుకొన్నవారికి పదియేండ్లు, పిమ్మట మరి యయిదేండ్లు ప్రత్యేకహక్కు కలదు. కాని ఆ చట్టమును చదివినవారికి రెండు ముళ్లు కాన్పించును. నమోదునకు ముందే లోకమునకు వెల్లడియైన నమూనాకు రక్షణ లేదు. ప్రతిఫలము పుచ్చుకొని మరియొకరికై నమూనాను కల్పించినచో, హక్కు కల్పించినవారిది కాదు, కల్పింపజేసినవారిది. అనగా కూలికి అల్లుచు ఒక తల్లి తన బుద్ధితో క్రొత్తపువ్వును కనుగొన్నచో, కూలితోపాటు ఆ పువ్వును తనదే యైనదని వాదించుటకు వర్తకునికి త్రోవ కలదు. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడును గాని పువ్వును కాపాడదు.

ముందు కూలి సంగతి చూడుడు, పస్తులున్నవారికి చిత్రలేఖన మేల యని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. కూలి తక్కువ యగుటకు కారణ మేమి? అదే నమూనాను అల్లగల చేతులు వేలు. ఒకతె కాదన్నచో పొరుగామె అల్లును. నమూనా తమదైననాడే బేరమాడు బలము కలుగును. వర్తకుడు లేనిది పనియే లేదని మరికొందరి మాట. నిజమే, అతడు గిరాకిని తెచ్చును, పెట్టుబడి పెట్టును, నష్టమును భరించును. అతనిని వెళ్లగొట్టుమని మేము చెప్పుటలేదు. కూలి ఒక బేరము, నమూనా మరియొక బేరము. రెండవదానికి వేరుగ వెల చెల్లింపుమని చెప్పుచున్నాము.

కావున లేసు పనివారి సహకార సంఘములు క్రొత్త నమూనాను వర్తకునికి చూపక పూర్వమే తమ పేర నమోదు చేయింపవలెను. అల్లినామె పేరును, తేదీని, ఆమెకు రావలసిన పాలును సంఘపు పుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకమును నమోదు ముగియువరకు పెట్టెలో నుంచవలెనే గాని పఠనమందిరపు బల్లపై పరచరాదు. పరచినచో అదియే వెల్లడి యగును. డిజైను విద్యాలయము తన విద్యార్థులను ఒక ఋతువు కాలమైనను ఈ సీమ అరుగులపై కూర్చుండబెట్టవలెను. వారు నేర్పుటకు ముందు నేర్చుకొనవలెను.

ఇక పట్టణములందలి చదువుకొన్నవారు, ముఖ్యముగ న్యాయవాదులు, తీర్మానములు మాని దరఖాస్తులు వ్రాయుటకు పూనుకొనవలెను. అర్జీ పత్రమును నింపుట, నమూనాకు ఛాయాచిత్రములు తీయించుట, దళారి చీటీలో "నమూనా హక్కు పనివారిది" అను ఒక్క పంక్తిని చేర్పించుట, వీనికి ధైర్యసాహసము లక్కరలేదు. సాయంకాలపు రెండు గంటలు చాలును. అమలాపురమునను, రాజోలునను న్యాయవాదులకు కొదవ లేదు. రాబోవు సంక్రాంతిలోగా ఈ సీమనుండి అల్లినవారి సంఘము పేర నొక్క దరఖాస్తైనను వెళ్లవలెను. అది వెళ్లినదో లేదో ఈ పత్రికలోనే మరల అడిగెదము.