చదివింపుల పుస్తకంలో లేని లెక్క

మన ఊళ్లల్లో పెళ్లి జరిగితే పందిట్లో ఒక పక్కన బల్ల వేసుకుని, నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, రూపాయలతో సహా రాస్తాడు. ఆ పుస్తకం ఇనుపపెట్టెలో పదేళ్లయినా భద్రంగా ఉంటుంది. అవతలివాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చిన రోజు బయటికి తీస్తారు. వాళ్లు మనకు ఎంత పెట్టారు, మనం ఎంత పెట్టాలె అని చూసుకుంటారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పేదవాళ్లకు అదే బ్యాంకు.

అదే ఇంట్లోకి వరద నీళ్లు వస్తే మాత్రం ఎవరూ పుస్తకం తెరవరు. మేనత్త బియ్యం మూట పంపుతుంది. అక్కాబావలు వచ్చి పిల్లల్ని, ముసలమ్మను వెంట తీసుకుపోతారు. దోస్తు తన బండి మీద మంచినీళ్ల డబ్బాలు, చద్దర్లు వేసుకుని వస్తాడు. ఎవరు ఎన్ని రోజులు అన్నం పెట్టారో, ఎవరి చీర ఎవరు కట్టుకున్నారో ఒక్క అక్షరం కూడా ఎక్కడా ఉండదు. రాస్తే అవమానం అనుకుంటాం. మా అభిప్రాయం వేరు. అది రాసి పెట్టవలసిన లెక్క అని మేము అంటున్నాం.

మన దామరచర్ల మండలానికి నీళ్ల సంగతి కొత్త కాదు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా పారుతుంటే మూసీ నీళ్లకు దారి దొరకక వెనక్కి ఎగదన్నుతాయి. ఈ మాట పుస్తకంలో చదివే పని లేదు, ఒడ్డు ఊళ్ల పెద్దమనుషులెవరినైనా అడిగితే చెప్తారు. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాదును ముంచింది కూడా ఈ మూసీయే. పదిహేను వేల మంది దాకా చనిపోయారని చెప్తారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కొమ్మ మీద ఉన్నవాడు కింద ఉన్నవాడికి చెయ్యి అందించే ముందు నీదే కులం, నీదే ఊరు అని అడిగి ఉంటాడని మేము అనుకోము. హైదరాబాదులో అంత పని చేసిన నీళ్లు చివరికి మన వాడపల్లి దాటే పోయాయి.

2009 అక్టోబర్ మొదటి వారంలో కృష్ణకు అలాంటి వరదే వచ్చింది. 2న కర్నూలు పట్టణం మునిగింది. 5న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఇక 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 నాటి వానలైతే మన పక్కనే జరిగిన సంగతి. కోదాడలో వాగునీళ్లు ఊళ్లోకి వచ్చి కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదై 2009 నాటి రికార్డు కూడా పోయింది.

ఆ వానల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించింది. మనిషి చనిపోతే 5 లక్షలు. పంట పోతే ఎకరాకు 10 వేలు. పాడిపశువు పోతే 50 వేలు. మేక గానీ గొర్రె గానీ పోతే 5 వేలు. ఇవ్వడం మంచిదే, ఇంకా ఎక్కువ ఇవ్వాలనే మేము కోరతాం. కానీ ఆ పట్టికను ఒకసారి శ్రద్ధగా చదవండి. మేకకు లెక్క ఉంది. మునిగిన ఇంటివాళ్లను తన ఇంట్లో పెట్టుకుని సాకిన ఆడబిడ్డకు లెక్క లేదు.

ఆమె ఖర్చెంతో మనమే వేసి చూద్దాం. నలుగురున్న ఇంటికి రేషన్ మీద మనిషికి 6 కిలోల చొప్పున నెలకు 24 కిలోల బియ్యం వస్తాయి. ఆ ఇంటికి వరద బాధితులు ఐదుగురు వచ్చారనుకోండి. తొమ్మిది మంది, మనిషికి రోజుకు అరకిలో. ఆరు రోజులు కూడా రావు. ఆరో రోజు నుంచి దుకాణంలో ఉద్దెర. పైగా ఇంటికి అంతమంది వచ్చినప్పుడు ఆ ఇంటి ఆడమనిషి కూలికి పోలేదు. పొయ్యి దగ్గరే పొద్దుగూకుతుంది. అంటే బియ్యం పోయాయి, కూలీ పోయింది. వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఉత్తచేతులతో పంపరు కదా, ఏదో ఒక మూట కట్టిస్తుంది. ఆ మూట కూడా ఉద్దెర ఖాతాలోదే. ‘చుట్టాలు ఆదుకున్నారు’ అని మనం రెండు మాటల్లో తేల్చేసే సంగతి వెనుక ఇంత ఉంది. ఆ ఖాతా తీరేసరికి మిరపకాయ ఏరే పనులు కూడా వచ్చిపోతాయి. నీళ్లు రాని ఊళ్లో ఉన్నా ఆమె కూడా వరద బాధితురాలే.

రాస్తే అది దయ ఎట్లా అవుతుంది, బేరం అవుతుంది గదా అని పెద్దలు అడుగుతారు. తిరిగి తీర్చడానికి రాయమని మేము అనడం లేదు. వడ్డీ కట్టమని అంతకన్నా అనడం లేదు. రాయకపోతే ఏం జరుగుతుందో చూస్తున్నాం కాబట్టి అంటున్నాం. వరద తగ్గాక అధికారులు వచ్చి ఇల్లు చూస్తారు, పొలం చూస్తారు, రాసుకుంటారు. మూడు వారాలు మీరెట్లా బతికారని అడగరు. బతికారు కాబట్టి అవసరం అంత లేదనుకుంటారు. చుట్టాల మంచితనం ప్రభుత్వానికి మిగులు అయి కూర్చుంటుంది. మంచితనాన్ని ఎంత పొగిడినా మాకు ఇష్టమే, ఆ పొగడ్త సర్కారు బాధ్యతకు అడ్డం పెట్టే తడిక మాత్రం కాకూడదు.

ఇంకో మాట ఉంది. అది చెప్పడానికి కొంచెం కష్టమే గాని, మన హాస్టల్ పుస్తకంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం? ఆపదలో చుట్టాలు ఆదుకుంటారన్నది అందరికీ ఒకే రీతిన నిజం కాదు. చుట్టాలకు మిద్దె ఉంటే మనకు మిద్దె దొరుకుతుంది. చుట్టాలది కూడా వాగు పక్క గుడిసే అయితే ఇద్దరం కలిసి మునుగుతాం. చాలా ఊళ్లల్లో మిట్ట మీద ఎవరి ఇళ్లున్నాయో, పల్లంలో ఏ వాడ ఉందో ఈ పుస్తకం చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. మన పెళ్లి సంబంధాలు కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలోనే. అంటే మన చుట్టరికమంతా ఒకే వాగు వెంట ఉంటుంది. వాగు వస్తే చుట్టరికం మొత్తానికి ఒకేసారి వస్తుంది.

వాడ దాటి ఊళ్లోకి పోతే చోటు దొరకదా అంటే, దొరికిన సందర్భాలు ఉన్నాయి, దొరకనివీ ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం తీరంలో దళిత కుటుంబాలను సహాయ శిబిరాల్లో దూరం పెట్టిన తీరు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం తర్వాత కూడా కులాన్ని బట్టి సాయం అందిందన్న నివేదికలు వచ్చాయి. నేల కదిలినా కులం కదలలేదన్న మాట.

అయినా నిరాశపడనక్కర లేదు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు మీది ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి పైన తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. హర్యానా నుంచి పని కోసం వచ్చిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ తన బండి నడుపుకుంటూ ఆ నీళ్లలోకి పోయి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ తొమ్మిది మందిలో ఆయనకు చుట్టం ఎవరు? 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు సముద్రం మీద బతికే జాలర్లు తమ పడవలను లారీలకెక్కించి ఊళ్లల్లోకి తెచ్చి వేలమందిని బయటికి చేర్చారు. జపాన్‌లో 1995 జనవరి 17న కోబె నగరంలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింద నుంచి బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమందిని లాగింది ఇంటివాళ్లూ, ఇరుగుపొరుగువాళ్లేనట. అంత ధనిక దేశంలోనూ ముందు అందింది పక్కింటి చెయ్యే.

పక్కింటి చెయ్యి, చుట్టం చెయ్యి, ముక్కూ ముఖం తెలియని చెయ్యి. వీటితోపాటు మనకు ఇంకో చెయ్యి ఉంది, దాన్ని మనం సరిగ్గా గుర్తించలేదు. హాస్టల్లో ఒకే రేకుపెట్టెకు ఇద్దరిద్దరం తాళంచెవులు పెట్టుకున్నవాళ్లం, ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం మనం. ఇక్కడ మన పక్కన పడుకున్నవాడు మన వాగు ఒడ్డువాడు కాడు. ఒకడిది తండా, ఒకడిది కృష్ణ ఒడ్డు పల్లె, ఒకడిది నీళ్ల చుక్క దొరకని మెట్ట ఊరు. కులాలు వేరు, చుట్టరికాలు కలవవు. ఒకడి ఇల్లు మునిగిన రోజు ఇంకొకడి ఇల్లు పొడిగానే ఉంటుంది. మన రక్తసంబంధాలు ఇవ్వలేనిది సరిగ్గా ఇదే. చదువుకోసం సర్కారు కట్టిన ఈ నాలుగు గోడలు తెలియకుండానే మనకు ఈ మేలు కూడా చేశాయి. కాని హాస్టల్ విడిచిన ఐదేళ్లకు ఎవడు ఎక్కడున్నాడో తెలియదు. పెళ్లిపత్రిక పంపడానికి వెతుకుతాం, అంతే.

అందుకని ఒక చిన్న ప్రతిపాదన. ఏటేటా ఈ సంచిక చివర పూర్వ విద్యార్థుల పేర్లు, చేస్తున్న ఉద్యోగాలు వేసుకుంటున్నాం. ఉద్యోగం పక్కన ఇంకో గడి పెడదాం. ఇల్లు ఒడ్డునా, మెట్టనా? రాత్రిపూట వాన పడితే ఎంతమందికి చాప వేయగలరు? ట్రాక్టర్ ఉందా, ఆటో ఉందా, ఈత వచ్చా? ఇది అచ్చు వేయనక్కర లేదు, ఒక రిజిస్టరులో రాసి హాస్టల్లో ఉంచి, దాని నకలు ఇద్దరు ముగ్గురు సీనియర్ల దగ్గర పెడితే చాలు. అదే రిజిస్టరు వెనుక పేజీల్లో, ఎవరింట్లో ఎవరు ఎన్నాళ్లు ఉన్నారో, ఎన్ని బియ్యం అయ్యాయో రాద్దాం. నష్టం లెక్కలు రాసేవాళ్లు వచ్చిన రోజు ఆ పేజీలు వాళ్ల ముందు పెడదాం. ఆడబిడ్డ పేరు కూడా రాయమని అడుగుదాం. రాస్తారో లేదో తర్వాతి మాట, ఒకసారంటూ అడిగి ఉండాలి గదా.

ఇంకొక్కటి మిగిలింది. కాంక్రీటు కప్పు, బోరు, వంటపాత్రలు అన్నీ ఒకేచోట ఉన్న భవనం మన ఊళ్లల్లో హాస్టలే. 2009లో వరద వచ్చేనాటికి దసరా వెళ్లి నాలుగు రోజులే. సెలవులకు అందరం ఇళ్లకు పోయినప్పుడు గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టాలో వార్డెన్‌గారిని అడిగి రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి పెడదాం.