సాంచా వదిలి గ్రంథాలయానికా?

మీరు సార్వత్రిక విద్యా విధానంలో చదువుతున్నారంటే, పొద్దంతా ఎక్కడో పనిచేసి వచ్చి రాత్రిపూట ఈ పుస్తకం విప్పుతున్నారన్నమాట. రాత్రి షిఫ్టు చేసేవారైతే పగలు విప్పుతున్నారు. నాలుగు పాఠాలు సాగేసరికి చాలామందికి ఒక ప్రశ్న తడుతుంది. ఈ చదువుతో ఇప్పుడున్న పని మానేసి వేరే పనిలోకి వెళ్లవచ్చా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను ఒక ఊరికి, ఒక వృత్తికి పరిమితం చేసి చూద్దాం. ఊరు సూరత్. వృత్తి గ్రంథపాలకునిది.

సూరత్ పేరు మీలో కొందరికి కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు షోలాపూర్, భివండీలకు వెళ్లినట్టే సూరత్‌కూ వెళ్లాయి. అక్కడి లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అదే నగరపాలక సంస్థకు కవి నర్మద్ పేరుతో పెద్ద కేంద్ర గ్రంథాలయం ఉంది. సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడి, మీటరుకు ఇంత అని కూలి తీసుకునే మనిషి ఎప్పుడైనా ఆ గ్రంథాలయంలోకి వెళ్లాడనుకోండి. చప్పుడు లేదు, నూలు దుమ్ము లేదు, కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న ఉద్యోగిని చూసి, ‘ఈ పని నేను చేయలేనా?’ అనుకోవడంలో తప్పేముంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మారవచ్చు. కాని చేతికి పట్టా వచ్చేదాకా సాంచా వదలకూడదు. పుస్తకాల మీద ప్రేమ ఒక్కటే చూసుకుని అసలు వదలకూడదు.

రెండో మాట మీకు వింతగా తోచవచ్చు. పుస్తకాలంటే ఇష్టం లేనివాడు గ్రంథాలయంలో ఏం చేస్తాడని మీరు అడగవచ్చు. ఇష్టం ఉండాలి, సందేహం లేదు. అయితే గ్రంథపాలకుడు పని వేళల్లో చదివేది చాలా తక్కువ. వచ్చిన పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించాలి, వర్గీకరణ సంఖ్య వేయాలి, అరలో దాని చోట దాన్ని ఉంచాలి, చినిగినవాటిని బైండింగుకు పంపాలి, గడువు దాటినవారి దగ్గర జరిమానా వసూలు చేయాలి. కంప్యూటరు మీద పని తప్పదు. గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం తయారుచేసిన ‘సోల్’ అనే సాఫ్ట్‌వేరు ఎన్నో కళాశాలల గ్రంథాలయాల్లో వాడుకలో ఉంది. వీటన్నిటికీ మించి, రోజంతా మనుషులతో మాట్లాడాలి. ఒకరికి పోటీ పరీక్షల గైడు కావాలి. ఇంకొకరు పుస్తకం పేరు మరచిపోయి అట్ట రంగు మాత్రం చెబుతారు. వారి మీద విసుగు పడేవాడు ఎన్ని నవలలు చదివినా ఈ పనికి పనికిరాడు.

ఈ వృత్తిలోకి ఇష్టం లేకుండా వచ్చి, దీన్ని మన దేశంలో ఒక శాస్త్రంగా నిలబెట్టిన వ్యక్తి కథ తెలుసుకోండి. ఎస్. ఆర్. రంగనాథన్ 1892లో తమిళనాడులోని శియాళిలో పుట్టారు. ఆయన గణితం అధ్యాపకులు. పాఠం చెప్పడమంటే ప్రాణం. జీతం మాత్రం తక్కువ. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుని పదవి ఖాళీ అయింది. జీతం మెరుగని మిత్రులు ప్రోత్సహిస్తే దరఖాస్తు పెట్టారు. 1924 జనవరిలో చేరారు. చేరిన కొద్ది రోజులకే ఆ ఒంటరితనం భరించలేక, తన పాత కళాశాల ప్రిన్సిపాలు దగ్గరకు వెళ్లి వెనక్కి తీసుకోమని వేడుకున్నారు. ముందు ఇంగ్లండు వెళ్లి ఈ విద్య నేర్చుకుని రమ్మనీ, అప్పటికీ విసుగ్గానే ఉంటే తిరిగి రావచ్చుననీ ప్రిన్సిపాలు చెప్పారు. లండన్‌లో చదువుతూ ఆయన అక్కడి గ్రంథాలయాలెన్నో తిరిగి చూశారు. పుస్తకాలు బీరువాల్లో తాళం వేసి దాచడానికి కాదనీ, పాఠకుల చేతుల్లోకి వెళ్లడానికనీ అక్కడ ఆయనకు రూఢి అయింది. 1925లో తిరిగివచ్చాక మళ్లీ గణితం వైపు పోలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలను, 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించారు.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది ఆయన మేధ కాదు. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంది. ఆ ధైర్యంతోనే ఆయన కొత్త పనిని నిదానంగా పరీక్షించి చూడగలిగారు. మీకు అలాంటి ప్రిన్సిపాలు ఉండరు. మీ దారిని మీరే తెరిచి ఉంచుకోవాలి.

ఇక లెక్క చూద్దాం. ఇక్కడ కాసేపు చదవడం ఆపి, ఒక కాగితం మీద మీ వయసు వేసుకోండి. పదో తరగతి అయినవారికి ఇంటర్మీడియట్ స్థాయికి రెండేళ్లు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఈ స్థాయిలో గ్రంథాలయ, సమాచార శాస్త్రం ఒక పాఠ్యవిషయంగానే ఉంది, తీసుకుని చూడండి. ఆ తర్వాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయవచ్చు. సర్టిఫికెట్ సహాయకుని పనికి ఉపకరిస్తుందే కాని, గ్రంథపాలకుని పదవికి సాధారణంగా డిగ్రీ మూడేళ్లు, దానిపైన గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ పట్టా ఒక ఏడాది అడుగుతారు. మొత్తం ఆరేళ్లు. కళాశాలలో గ్రంథపాలకుడు కావాలంటే మాస్టర్స్ పట్టాలో 55 శాతం మార్కులు, సాధారణంగా నెట్ లేదా సెట్ పరీక్షలో అర్హత కూడా కావాలి.

మీ వయసుకు ఆరు కలపండి. సార్వత్రిక పాఠశాలలో చేరడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలో మాత్రం ఉంటుంది. ఇరవై నాలుగేళ్లవారికి ముప్పై వస్తుంది, మంచిదే. ముప్పై ఆరేళ్లవారికి నలభై రెండు వస్తుంది. అప్పటికి చాలా ప్రకటనల తలుపులు మూసుకుపోయి ఉంటాయి. రిజర్వేషన్ వర్గాలవారికి ఇచ్చే సడలింపు ఎంతో ప్రతి ప్రకటనలోనూ చూసుకోవాలి. మిగిలేవి ప్రైవేటు బడులు, ట్రస్టుల గ్రంథాలయాలు, ఒప్పంద ఉద్యోగాలు. వీటిలో మొదటి జీతం నేతకూలి కంటే తక్కువగా ఉన్నా ఆశ్చర్యపోవద్దు. ఈ మాట మీకు ముందే చెప్పకుండా ‘చదువుకు వయసు లేదు’ అని మాత్రం చెప్పి పంపడం నాకు న్యాయంగా తోచదు. చదువుకు వయసు లేదు నిజమే, ఉద్యోగానికి ఉంది.

సూరత్ గ్రంథాలయానికి పేరిచ్చిన నర్మద్ జీవితం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1833లో సూరత్‌లో పుట్టిన ఈ గుజరాతీ కవి బొంబాయిలో ఉపాధ్యాయుడుగా ఉండేవాడు. 1858 నవంబరులో ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఇకపై కలం మీదనే బతుకుతానని శపథం పట్టాడు. ఆ ఇరవై నాలుగేళ్లలో గుజరాతీ భాషకు నిఘంటువు తయారుచేశాడు. అప్పులపాలు కూడా అయ్యాడు. చివరకు 1882లో శపథం విడిచి మళ్లీ ఉద్యోగంలో చేరవలసివచ్చింది. 1886లో కన్నుమూశాడు. ఆయన చేసిన పని గొప్పది. కాని ఇంట్లో నలుగురు తినాల్సిన మీరు ఆయన రాజీనామాను ఆదర్శంగా తీసుకోవద్దని నా సలహా. పట్టా చేతికి వచ్చి, నియామకపు ఉత్తరం కూడా వచ్చాక షిఫ్టు మానండి. ఈలోగా పన్నెండు గంటల పని తర్వాత చదవడం కష్టమే. ఏడాదికి ఒకటి రెండు పరీక్షలే రాయండి. సార్వత్రిక పాఠశాలలో ఒకసారి నమోదైతే అయిదేళ్ల గడువు, తొమ్మిది పరీక్షా అవకాశాలు ఉంటాయి. వాటిని వాడుకోండి.

సాంచాల మీద పనిచేసినవారు ఈ వృత్తికి ఖాళీ చేతులతో రారు. ఒకేసారి ఎనిమిది పది సాంచాల మీద కన్ను వేసి, వేల పోగుల్లో తెగిన ఒక్క పోగును పట్టుకోవడం మీకు అలవాటు. గ్రంథాలయంలో తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. దాన్ని పట్టుకునే కన్ను అలాంటిదే. భాషల సంగతి చూడండి. సూరత్‌లో పెరిగిన తెలుగువారికి ఇంట్లో తెలుగు, ఖాతాలో హిందీ, బజారులో గుజరాతీ అలవడతాయి. డ్యూయీ వర్గీకరణలో గుజరాతీ సాహిత్యానికి 891.47, తెలుగు సాహిత్యానికి 894.827. ఈ రెండు అరల్లోనూ పుస్తకం తీసి, అట్ట చదివి, అడిగినవారికి అందించగలిగే ఉద్యోగులు ఆ ఊళ్లో ఎందరుంటారు? ఒకటి మాత్రం కావాలి. గుజరాతీ మాట్లాడటం చాలదు, చదవడం రాయడం కూడా నేర్చుకోవాలి. అక్షరాలు దేవనాగరికి దగ్గరగానే ఉంటాయి కనుక హిందీ చదివేవారికి అదేమంత కష్టం కాదు.

పరీక్షలు పూర్తయ్యేదాకా ఆగకుండా ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలుసుకునే మార్గం ఒకటుంది. తెలుగువారి గ్రంథాలయాలు చాలావరకు పట్టాలున్నవారు మొదలుపెట్టినవి కావు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ లేని రోజుల్లో, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా ప్రచారం చేశారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. మీరు పడవ కట్టనక్కరలేదు. మీ కులసంఘం హాలులోనో, గుడి పక్క గదిలోనో ఒక అర సంపాదించి, ఇళ్లలో పడి ఉన్న తెలుగు పుస్తకాలు వందదాకా పోగుచేయండి. ప్రతి పుస్తకానికి నంబరు వేయండి. తీసుకున్నవారి పేరు, తేదీ రాసే రిజిస్టరు పెట్టండి. ఆరు నెలలు నడపండి.

ఆ ఆరు నెలల్లో పుస్తకాలు కొన్ని తిరిగి రావు, కొన్ని చినిగి వస్తాయి. పిల్లలు బొమ్మల పుస్తకాలకోసం దెబ్బలాడుకుంటారు. సెలవు దొరికిన ఒక్క పూట కూడా రిజిస్టరు ముందే గడుస్తుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, వాళ్లతో కూర్చుని ఆ ఆరేళ్ల లెక్క చెప్పవలసిందీ అప్పుడే. ఆరు నెలల చివర రిజిస్టరు తిరగేసి, ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో లెక్కపెట్టండి. ఒక్కసారి కూడా కదలని పుస్తకాన్ని చూసి, దీనికి సరిపోయే చదువరి మన వీధిలో ఎవరబ్బా అని మీకు ఆలోచన కలిగిందా? కలిగితే ఇంటర్మీడియట్ దరఖాస్తులో గ్రంథాలయ శాస్త్రం ఎదురుగా టిక్కు పెట్టండి. ఆ రాత్రి షిఫ్టుకు మాత్రం వేళకే వెళ్లండి.