సైకిల్ తొక్కేవాడికి ఇల్లెక్కడ?

ఇల్లు వెతికేటప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనం అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఆఫీసుకి ఎంత దూరం? మంజీరా నీళ్ళొస్తాయా, ట్యాంకర్లేనా? పిల్లల స్కూలు బస్సు గేటు దాకా వస్తుందా? నాలుగేళ్ళలో రేటు ఎంత పెరుగుతుంది? ఇవన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ సైకిల్ పిచ్చి ఉన్నవాడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. చాలామంది వేసుకోరు. వేసుకున్నవాళ్ళు కూడా "ఇక్కణ్ణుంచి సైకిల్ ట్రాకు ఎంత దూరం?" అని అడిగి ఊరుకుంటారు. నన్నడిగితే అడగాల్సింది అది కాదు. "గేటు దాటాక మొదటి మూడు కిలోమీటర్లు ఎలా ఉంటాయి?" అని అడగాలి.

ఈ సలహా ఎవరికోసమో ముందే చెప్పేస్తాను. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ చుట్టుపక్కల ఉద్యోగం, వారంలో రెండు మూడు రోజులన్నా ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళాలని కోరిక, ఆదివారం పొద్దున్నే అరవయ్యో డెబ్భయ్యో కిలోమీటర్లు తొక్కకపోతే తోచనితనం. ఈ మూడూ ఉన్నవాళ్ళకి మాత్రమే. నాకు మూడూ ఉన్నాయి. ఈ పడమటి వైపే ఇప్పటికి మూడిళ్ళు మారాను, మూడూ అద్దెవే. అద్దె సంగతి చివర్లో చెప్తాను, అది కావాలని చేసిన పనే.

ముందు ట్రాకు గురించి. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాకు మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు. మనూళ్ళో ఇలాంటిది వస్తుందని పదిహేనేళ్ళ కిందట ఎవరన్నా చెప్తే నవ్వి ఊరుకునేవాళ్ళం. అంచేత దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు, నేనూ తొక్కుతూనే ఉంటాను.

ఐతే అది వచ్చిన దగ్గర్నుంచీ ఫ్లాట్లమ్మేవాళ్ళకి ఇంకో మాట దొరికింది. "ట్రాకు పక్కనే సార్, ఐదు నిమిషాలు!" మ్యాపులో చూస్తే నిజమే, ఎనిమిదొందల మీటర్లే. కానీ ఆ ఎనిమిదొందల మీటర్ల మధ్యలో ఔటర్ జంక్షను ఉంటుంది. కింద అండర్‌పాసు, అందులో వానొస్తే నీళ్ళు, రాంగ్ సైడులో ఎదురొచ్చే బైకులు, ఎత్తు ర్యాంపు దిగి స్పీడు తగ్గించకుండా తిరిగే కార్లు. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి సైకిళ్ళకి అనుమతి లేదు కాబట్టి సర్వీసు రోడ్డే గతి. దాన్ని దాటడానికి భయపడి, మూడొందల మీటర్ల దూరంలో ఉన్న ట్రాకుకి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్ళేవాళ్ళని నేను చూశాను. సైకిల్ తొక్కడానికి కారు కావలసిన చోటు సైకిల్ తొక్కేవాడికి మంచి చోటెలా అవుతుంది చెప్పండి?

మొదటి మూడు కిలోమీటర్లే ఎందుకంటే, మిగతా రూటు మనం మార్చుకోవచ్చు. చేవెళ్ళ విసుగొస్తే శంకరపల్లి వెళ్తాం, అదీ విసుగొస్తే వికారాబాదు దాకా పోయి అనంతగిరి ఎక్కి వస్తాం. గేటు ముందున్న రోడ్డుని మాత్రం మార్చుకోలేం, అది రోజూ వెళ్ళేటప్పుడూ ఉంటుంది, వచ్చేటప్పుడూ ఉంటుంది. ఎనభై కిలోమీటర్లు తొక్కి కాళ్ళు పీకుతూ, ఎండెక్కి, బుర్ర సగం పనిచేస్తున్నప్పుడు తగిలేవి కూడా ఆ మూడు కిలోమీటర్లే. అవి దడపుట్టించేలా ఉంటే మొదటి నెల నాలుగుసార్లు వెళ్తారు, రెండో నెల రెండుసార్లు, ఆర్నెల్లకి సైకిల్ బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండు అవుతుంది. బద్ధకం అని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ నిజానికి అది భయం.

మరి ఆ మూడు కిలోమీటర్లని ఎలా పరీక్షించాలి? బ్రోకరు కార్లో కూచుని చూస్తే ఏమీ తెలీదు. నేను చేసే పద్ధతి ఇదీ.

ఒకటి. సైకిల్ తీసుకెళ్ళి నాలుగుసార్లు తొక్కాలి. ఆదివారం తెల్లారి ఐదున్నరకి, పనిరోజు పొద్దున ఎనిమిదిన్నరకి, సాయంత్రం ఏడున్నరకి, గట్టి వాన పడిన మర్నాడు. ఐదున్నరకి కుక్కల సంగతి తెలుస్తుంది. ఎనిమిదిన్నరకి స్కూలు బస్సుల సంగతి తెలుస్తుంది. ఏడున్నరకి వీధిదీపాలు, రాంగ్ సైడు బళ్ళు. వాన మర్నాడు గుంతలు ఎక్కడున్నాయో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో. టెస్టింగ్ చెయ్యకుండా రిలీజు చెయ్యమంటే ఒప్పుకోని మనం, కోటి రూపాయల ఇంటికి ఈ మాత్రం టెస్టింగ్ చెయ్యకపోతే ఎలా?

రెండు. అక్కడ ఇంకెవరు సైకిల్ తొక్కుతున్నారో చూడాలి. హెల్మెట్లు, రంగురంగుల జెర్సీలు వేసుకున్నవాళ్ళని లెక్కపెట్టొద్దు, వాళ్ళు ఎక్కణ్ణుంచో వచ్చి వెళ్తూ ఉంటారు. బడికెళ్ళే పిల్లలు, పాలు పోసేవాళ్ళు, తోటపనికొచ్చేవాళ్ళు, వాచ్‌మన్లు కనిపిస్తున్నారా? ఎనిమిదో క్లాసు అమ్మాయి పుస్తకాల సంచీ వేసుకుని సైకిల్ మీద బడికెళ్తోందంటే, వాళ్ళమ్మానాన్నా ఆ రోడ్డుని నమ్మారన్నమాట. ఇంతకు మించిన సర్టిఫికెట్ ఏ బిల్డరూ ఇవ్వలేడు.

మూడు. ఎండ, గాలి. నవ్వకండి, ఇది నిజంగా పనికొచ్చేదే. ఆఫీసుకి పడమట ఇల్లుంటే పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమటికి తొక్కాలి. రెండు పూటలా సూర్యుడు కళ్ళలోనే. మీ కళ్ళలో పడితే చలవద్దాలు పెట్టుకోవచ్చు, మీ వెనక వచ్చే లారీ డ్రైవరు కళ్ళలో కూడా పడతాడు, అదీ సమస్య. మోకిలా, శంకరపల్లి వైపు విల్లాలు చూస్తున్నవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. ట్రాకు మీద పైకప్పుంది కదా అనకండి, అది నడినెత్తి ఎండని ఆపుతుంది గానీ ఏడింటి ఏటవాలు ఎండని కాదు. ఇక గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి పడమటి గాలి. ఆషాఢం గాలికి ఎదురు తొక్కినవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఇంటి నుంచి పడమటికి వెళ్ళి తిరిగొచ్చేలా ఉంటే వెళ్ళేటప్పుడు ఓపికున్నప్పుడే కష్టపడతాం, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. తూర్పున ఘట్‌కేసర్, పోచారం దాకా పోయి వచ్చేవాళ్ళకి దీనికి సరిగ్గా తిరగేసి.

నాలుగు. అపార్టుమెంటు అసోసియేషన్. సైకిల్‌ని లిఫ్టులో ఎక్కించనిస్తారా లేదా అని అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. సెల్లారులో పెట్టుకోమంటారు. పిల్లల సైకిళ్ళ కుప్పలో, కార్లు కడిగే నీళ్ళలో, నెలకోసారి మాయమయ్యే సీటు పోస్టుతో అది జరిగే పని కాదు. కుక్కపిల్లని లిఫ్టులో ఎక్కించొచ్చా అన్నదాని మీద మూడు గంటల మీటింగు పెట్టే అసోసియేషన్లు, సైకిల్‌కి మాత్రం ఒక్క ముక్కలో వద్దనేస్తాయి.

ఈ లెక్కన ఏ ఏరియా మంచిది అంటే నా అభిప్రాయం చెప్తాను, గొడవ పడొచ్చు.

బండ్లగూడ జాగీర్, కిస్మత్‌పూర్ వైపు నాకు మొదటి ఓటు. పోలీస్ అకాడమీ దగ్గర ట్రాకు ఎక్కితే నానక్‌రాంగూడలో దిగొచ్చు. అంటే ఆదివారం షోకుకే కాకుండా ఆఫీసుకి వెళ్ళడానికి ట్రాకు పనికొచ్చే బహుకొద్ది చోట్లలో ఇదొకటి. ఆదివారం పడమటికి తిరిగితే గండిపేట, హిమాయత్ సాగర్, చేవెళ్ళ రోడ్డు. చిక్కల్లా అప్పా జంక్షనే. ఇల్లు దానికి ఏ వైపుందో, దాన్ని ఎక్కడ దాటాలో చూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇంకోటి, హిమాయత్ సాగర్ గేట్లెత్తినప్పుడు ఆ పక్క సర్వీసు రోడ్డు మూసేస్తుంటారు. వానాకాలానికి రెండో దారి ఉండాలి.

చేవెళ్ళ రోడ్డంటే అందరికీ మర్రిచెట్లే గుర్తొస్తాయి. రెండు వైపులా కలిసిపోయిన ఆ కొమ్మల కింద తొక్కడం నిజంగానే అదృష్టం. విస్తరణకీ ఆ చెట్లకీ మధ్య తగువు ఏళ్ళ తరబడి గ్రీన్ ట్రిబ్యునల్‌లో నడిచింది కూడా. కానీ 2025 నవంబరు 3న ఇదే రోడ్డు మీద, మీర్జాగూడ దగ్గర, కంకర టిప్పరు ఆర్టీసీ బస్సుని ఢీకొట్టి 19 మంది చనిపోయారు. బస్సులో కూచున్నవాళ్ళనే కాపాడలేని రోడ్డు సైకిల్‌వాణ్ణి కాపాడుతుందనుకోవడం అమాయకత్వం. ఆదివారం తెల్లవారుజామున వెళ్ళి టిప్పర్లు బయల్దేరేలోపు తిరిగొచ్చెయ్యడం వేరు, ఆ రోడ్డు మీద ఇల్లు తీసుకుని రోజూ దిగడం వేరు.

నల్లగండ్ల, లింగంపల్లి రెండో ఓటు. గోపనపల్లి, గౌలిదొడ్డి మీదుగా ఆఫీసులకి దగ్గర, ఉత్తరం దక్షిణం ప్రయాణం కాబట్టి ఎండ పక్కనుంచే. ఒంట్లో బాలేనిరోజు ఎమ్మెమ్టీయెస్ ఉంది. పాత ఊరు కాబట్టి టైరు పంచరైతే వేసేవాడు దొరుకుతాడు. కొత్త టవర్ల మధ్య కాఫీ ఐదు రకాలు దొరుకుతుంది గానీ పంచరు షాపు దొరకదు. కొల్లూరు, తెల్లాపూర్‌కి మూడో ఓటు, ట్రాకు కొస అక్కడే ఉన్నా చుట్టూ ఇంకా కట్టుబడే నడుస్తోంది కాబట్టి టిప్పర్ల బెడద ఎక్కువ.

కోకాపేట చాలామందికి కల. నాకు మాత్రం పాఠం. ఒకప్పుడు గండిపేట వెళ్ళే సైకిళ్ళకి అది ఖాళీ రోడ్డు. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. అంత పోసి కొన్నవాళ్ళు యాభై అంతస్తులు వెయ్యక ఊరుకుంటారా? యాభై అంతస్తులు వెయ్యాలంటే కాంక్రీటు బళ్ళు రాక మానతాయా? అలాగే జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లలో కట్టడాల్ని అదుపు చేసిన 111 జీవో 1996లో వచ్చింది. మనం ఆదివారాలు పీల్చే గాలి చాలావరకు ఆ జీవో పుణ్యమే. 2022లో 69 నంబరు జీవోతో దాన్ని సడలించారు. ఇవాళ ప్రశాంతంగా ఉందని కొన్న రోడ్డు, ఇరవయ్యేళ్ళ ఈఎమ్మై ఐదో ఏడుకి ఏమవుతుందో ఊహించుకోండి.

అందుకే అద్దె. ఇల్లు కదలదు, రోడ్లు మాత్రం రెండేళ్ళకోసారి మారిపోతాయి. సైకిల్ కోసమే చోటు ఎంచుకునేవాడు కనీసం రెండు వానాకాలాలు అద్దెకుండి, ఆ తర్వాతే కొనాలి. అప్పటికే పునాదులూ పిల్లర్లూ అయిపోయి జనం చేరిన ఏరియా అయితే ఇంకా మంచిది, అక్కడ టిప్పర్లకి పని అయిపోయి ఉంటుంది. "అద్దె అంటే డబ్బు గంగలో పోసినట్టే" అనే మావయ్యలకి నా జవాబు ఒకటే: నెలకి ఆరొందల కిలోమీటర్లు బతికి తొక్కడానికి కడుతున్న ఫీజు అది. ఇంట్లోవాళ్ళ మాట కూడా ఉంటుంది, ఉండాలి. మా ఇంట్లో ఒప్పందం ఏమిటంటే స్కూలు, నీళ్ళు, మా ఆవిడ ఆఫీసు ముందు. ఆ మూడూ దాటిన ఇళ్ళలోంచి నా మూడు కిలోమీటర్లు. అలా వడకట్టినా ప్రతిసారీ రెండు మూడు ఇళ్ళు మిగిలాయి.

ఇంకో మాట. ఇదంతా ఎంచుకునే వీలున్న మనబోటివాళ్ళ గొడవ. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి, వెనక లైటు కూడా లేని సైకిల్ మీద సర్వీసు రోడ్డులో ఇంటికెళ్ళే సెక్యూరిటీ గార్డుకి ఆ వీలు లేదు. అతనికి 23 కిలోమీటర్ల ట్రాకు కన్నా, ఆ ట్రాకుకీ అతని బస్తీకీ మధ్య ఒక దీపం, ఒక స్పీడ్ బ్రేకరు, దాటడానికి ఒక చోటు ఎక్కువ అవసరం. నిజానికి మనకి కావలసినవీ అవే. కాబట్టి ఎక్కడ ఇల్లు తీసుకున్నా, కాలనీ మీటింగులో స్విమ్మింగ్ పూలు టైల్సు గురించి మాట్లాడే ముందు, గేటు బయట జంక్షను గురించి మునిసిపాలిటీకి ఒక అర్జీ రాయించండి. ఆ దారి మన ఒక్కరిదే కాదు.