తెలియకపోవడం ఎవరి తప్పు?



ఈ హాస్టల్లో ఏడేళ్ళు ఉండి చదువుకున్నాను. ప్రతి ఏడాదీ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్నచోట 'గృహిణి' అని రాశాను. అది నిజం కాదు. మా అమ్మ పాలమూరు నుంచి వలస వచ్చి, మాదాపూర్, గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తుంటే ఇసుక మోసింది. ఇప్పుడు అలాంటి ఒక మేడలోనే కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే పని చేస్తోంది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి హైటెక్ సిటీ అంటే విజ్ఞానం అని వింటూ పెరిగాం. అక్కడ అజ్ఞానం కూడా తయారవుతుందని నాకు పోయిన ఏడాదే తెలిసింది.

అమ్మకు మందులివ్వడానికి వెళ్ళి కింద హాల్లో కూర్చున్నాను. గోడ మీద అద్దం బిగించిన ఇంగ్లీషు నోటీసు ఉంది. పనిచోట లైంగిక వేధింపులు ఎదురైతే ఏ కమిటీకి ఫిర్యాదు చెయ్యాలో అందులో రాశారు. "ఇది నీకు తెలుసా అమ్మా?" అని అడిగాను.

"మూడేండ్ల సంది రోజూ ఆ అద్దం తుడుస్తున్న బిడ్డా. అది మేడమ్‌లకు అనుకున్న" అంది.

2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టు కార్మికులకూ వర్తిస్తుంది. కమిటీ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా చెబుతుంది. నోటీసు పెట్టారు, వాళ్ళ పని అయిపోయింది. అమ్మకు మాత్రం తెలియలేదు. చదువు రాకనా? అమ్మ రాత్రి బడిలో నేర్చుకుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నోటీసు తెలుగులో లేదు. ఎవరూ చదివి చెప్పలేదు. ఆమెకు తెలియనంత కాలం పైవాడికి భయం ఉండదు. అంటే ఆమెకు తెలియకపోవడం వల్ల లాభపడేవాళ్ళు ఉన్నారు.

నాన్సీ టువానా వంటి స్త్రీవాద తాత్వికులు చెప్పేదీ ఇదే. అజ్ఞానమంటే ఉత్త ఖాళీ కాదు. ఎవరిని అడగాలి, ఎవరి మాట నమ్మాలి అన్నది అధికారం నిర్ణయిస్తుంది. అడగని చోట అజ్ఞానం పుడుతుంది. తెలంగాణ సాయుధ పోరాటం 1951లో ముగిసింది. అందులో పాల్గొన్న స్త్రీల అనుభవాలను వాళ్ళ నోటనే విని స్త్రీశక్తి సంఘటన పుస్తకంగా తెచ్చింది 1986లో. దాని పేరు 'మనకు తెలియని మన చరిత్ర'. ఆ చరిత్ర ఆ స్త్రీలకు తెలుసు. అడగని మనకే తెలియలేదు. ఇంటిచాకిరీ సంగతీ అంతే. ఎవరి సమయం ఎలా గడుస్తుందో దేశమంతటా తొలిసారి లెక్క తీసింది 2019లో. అప్పట్లో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలు. అమ్మలందరికీ ఎప్పటినుంచో తెలిసిన విషయం ఇది!

చదువుకున్నవాళ్ళ అజ్ఞానం ఇంకోరకం. ఆ మేడలో పనిచేసే ఇంజనీర్లకు తమ బల్ల తుడిచే మనిషి ఎక్కడ కూర్చుని అన్నం తింటుందో తెలియదు. మెట్ల కింద తింటుంది. వాళ్ళను అనడమెందుకు, "నీకేం తెలుసమ్మా" అని ఎన్నోసార్లు నోరు మూయించిన నాకూ తెలియదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీ కూడా నాకు అమ్మ మాట వినడం నేర్పలేదు.

ఆ నోటీసును తెలుగులో రాసి అమ్మకిచ్చాను. ఆమె తన షిఫ్టు ఆడవాళ్ళందరికీ చదివి వినిపించింది. ఇంటికొచ్చి, "ఆ కమిటీల మాలెక్కటోళ్ళు ఒక్కలన్న ఉన్నరా?" అని అడిగింది. ఎం.ఏ. చదువుతున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు!

చెల్లెళ్ళారా, ఈసారి దరఖాస్తులో అమ్మ చేసే పని ఉన్నదున్నట్టు రాయండి. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఒక్క సాయంత్రం ఆమె పని గురించి అడిగి, చెప్పేదంతా వినండి. వచ్చే ఏడాది సంచికలో అవి అచ్చు వేద్దాం.

– పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (సోషియాలజీ)