ఒకే జబ్బు, ప్రాంతానికో వైరస్

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక లెక్కల్లో, 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవారు 2.98 కోట్ల మంది. చైనా తర్వాత స్థానం మనదే. ఇంత పెద్ద అంకెను ఒకే గాటన కట్టి చూడటం విధానకర్తలకు అలవాటైపోయింది. కానీ ఈ కోట్లమంది ఒంట్లో ఉన్నది ఒకే రకం వైరస్ కాదు.

దీని జన్యుపదార్థం సుమారు 3,200 అక్షరాల డీఎన్ఏ వలయం. సంఖ్య పెంచుకునే క్రమంలో ఈ వైరస్ ఆర్ఎన్ఏ నుంచి తిరిగి డీఎన్ఏ తయారుచేసుకుంటుంది. ఆ పని చేసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే గుణం లేదు. అలా పోగుపడిన తేడాలతో ఇది ఎ నుంచి జె వరకు పది జీనోటైపులుగా చీలింది. మన దేశంలో చాలాచోట్ల డి రకానిదే పైచేయి, తర్వాత ఎ. తూర్పుకు వెళ్లేకొద్దీ ఆగ్నేయాసియాలో ఎక్కువగా కనిపించే సి తోడవుతుంది. తూర్పు భారతంలోని పహారియా తెగలో డి5 అనే ఉపరకం బయటపడింది. అరుణాచల్‌లోని ఇదు మిష్మీ తెగవారి రక్త నమూనాలను పరిశీలిస్తే వాటిలో ఐ రకం కనిపించింది. వియత్నాం, లావోస్‌లలో దాన్ని గుర్తించింది 2008 ప్రాంతంలో.

రకం ఏదైతేనేం, జబ్బు ఒకటే కదా అనుకోవడానికి లేదు. జన్యుక్రమంలో 1896వ స్థానంలో గ్వానిన్ పోయి అడినిన్ వస్తే, వైరస్ జోరుగా పెరుగుతోందనడానికి గుర్తుగా చూసే ‘ఈ’ యాంటిజెన్ అనే ప్రొటీన్ తయారీ సగంలో ఆగిపోతుంది. వైరస్ మనుగడకు కీలకమైన ఒక మడతలో ఈ అక్షరానికి జత 1858వ అక్షరం. డి రకంలో అక్కడ ఉండేది థైమిన్ కాబట్టి ఈ మార్పుతో జత మరింత బిగుస్తుంది. ఎ రకంలో సాధారణంగా సైటోసిన్ ఉంటుంది, కాబట్టి మార్పు వస్తే జత ఊడుతుంది. అందుకే డి ఎక్కువగా ఉన్నచోట ‘ఈ’ యాంటిజెన్ కనిపించకుండానే కాలేయాన్ని తినేసే జబ్బు ఎక్కువ.

ఆస్పత్రిలో దీని పర్యవసానం చూడండి. రిపోర్టులో ‘ఈ-నెగటివ్’ అని ఉంటుంది. వైరస్ చల్లబడిందిలే అని రోగి ఇంటికెళ్తాడు. కామెర్లు లేవు, నొప్పి లేదు. కామెర్లు వచ్చినా పసరు మందు ఉండనే ఉందన్న ధీమా మనవాళ్లది. లోపల వైరస్ ఉద్ధృతి మాత్రం ఒకసారి తగ్గి, మరోసారి పెరుగుతూ కాలేయాన్ని గట్టిపరుస్తుంది. దీన్ని పట్టిచ్చేది రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్, కాలేయం దెబ్బను తెలిపే ఏఎల్‌టీ పరీక్షలు, అదీ మళ్లీమళ్లీ చేయిస్తేనే.

సి రకం తీరు వేరు. అందులో ‘ఈ’ యాంటిజెన్ చాలా ఏళ్లు నిలుస్తుంది, స్త్రీలలో కాన్పుల వయసుదాకా. అలాంటి తల్లి నుంచి బిడ్డకు సోకే ముప్పు బాగా ఎక్కువ. పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన టీకా అన్నిచోట్లా అవసరమే, సి ఉన్నచోట ఒక్క రోజు ఆలస్యమైనా నష్టం పెద్దది. టీకా అన్ని రకాల మీదా పనిచేయడం మన అదృష్టం. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకా తెచ్చి ధర దింపింది. సార్వత్రిక టీకాల్లోకి అది దేశమంతటా చేరేసరికి మాత్రం 2011 వచ్చింది.

అలాగని ప్రతి రోగికీ జీనోటైప్ పరీక్ష రాయడం వృథా ఖర్చని నా అభిప్రాయం. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మందులు అన్ని రకాల మీదా పనిచేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ ఇవ్వాలనుకుంటేనే తేడా తెలియాలి, అది డి కన్నా ఎ రకంలో మెరుగ్గా పనిచేస్తుంది. రోగికి కావలసింది జిల్లా ఆస్పత్రిలోనే అందే వైరల్ లోడ్ పరీక్ష. జన్యుక్రమాల నిఘా ప్రభుత్వం చేయాల్సిన పని.

ఆ నిఘా పెద్ద ఆస్పత్రులకు వచ్చే రోగుల నమూనాలతో సరిపెట్టుకుంటే చాలదు. మన దేశంలో డి5, ఐ రకాల సంగతి తెలిసింది తెగల దగ్గరి నమూనాలను పరిశీలించినందుకే. పాడేరు, ఉట్నూరు లాంటి గిరిజన ప్రాంతాల్లో గర్భిణులకు ఎలాగూ హెపటైటిస్-బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయాల్సిందే. పాజిటివ్ వచ్చిన నమూనాల్లో కొన్నింటిని, వారి అనుమతితో, ఏటా జన్యుక్రమ పరీక్షకు పంపితే కొత్తగా ఎవరికీ సూది గుచ్చకుండానే ఈ పని మొదలవుతుంది.